సీజన్ టికెట్టుకు చీటీకున్నంత హామీ అయినా ఇవ్వండి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర రవాణా, యువజన, క్రీడల శాఖల మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఫుట్‌బాల్ అభిమానులు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అయ్యా,

రాయలసీమకు సొంత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బు ఉండాలని ఇక్కడి వాళ్లు చాన్నాళ్లుగా కోరుకుంటున్నారు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) క్రీడా గ్రామం చలవతో ఈ జిల్లా పల్లెల్లో క్రికెట్ బ్యాటు పట్టినంత మామూలుగా ఫుట్‌బాల్ తన్నే పిల్లలున్నారు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు క్లబ్బు పెడతామని వస్తారు. వచ్చినవాళ్లకు ముందుగా కావాల్సింది మైదానం. దానికోసం రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) తలుపో, జిల్లా క్రీడాభివృద్ధి అధికారి తలుపో తట్టక తప్పదు. మేం డబ్బు అడగడం లేదు. ఆ రోజు మీరు సంతకం పెట్టే లీజు కాగితంలో అభిమాని డబ్బుకు రక్షణగా కొన్ని షరతులు ఉండాలని మాత్రమే అడుగుతున్నాం.

మన దగ్గర చీటీ వెయ్యని ఇల్లు తక్కువ. చీటీ నడిపే సంస్థ పాట మొదలుపెట్టకముందే చీటీ మొత్తానికి సమానమైన డబ్బును రిజిస్ట్రార్ పేరున బ్యాంకులో హామీగా పెట్టాలని 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం చెబుతోంది. సీజన్ టికెట్టు కూడా ముందుగా కట్టే డబ్బే. ఆగస్టులో పన్నెండు మ్యాచులకు ఒకేసారి కట్టించుకుంటారు, పన్నెండో మ్యాచు మార్చిలోనో ఏప్రిల్‌లోనో జరుగుతుంది. ఈ మధ్యకాలమంతా ఆ డబ్బు క్లబ్బు చేతిలో వడ్డీ లేని అప్పు. తాకట్టు లేదు, పూచీ లేదు, రిజిస్ట్రార్ లేడు. క్లబ్బు కంపెనీ మూతపడి ఆస్తులు అమ్మకానికొస్తే, 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ చెప్పిన వరుసలో ముందు ఆ ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలూ తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల అప్పులూ, ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు తీర్చాలి. టికెట్టు కొన్నవాడి వంతు వచ్చేసరికి గిన్నెలో మెతుకు ఉండదు.

ఇది ఊహించుకుని భయపడుతున్న విషయం కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి దేశంలో అగ్రశ్రేణి లీగైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. 2023-24 సీజన్‌కు జీతాల బకాయిలు పేరుకుపోయాయి, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పడింది. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం ఆపితే, 15 రోజుల గడువుతో నోటీసిచ్చి ఆటగాడు ఒప్పందం తెంచుకోవచ్చు. పేరున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, మిగిలిన కుర్రాళ్లతో ఆడిన జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. గచ్చిబౌలిలో పసుపు జెర్సీలు వేసుకుని అరిచినవాళ్లకు జెర్సీ ఒక్కటే మిగిలింది.

పైనుంచి డబ్బు వస్తుందన్న ధీమా కూడా ఇప్పుడు లేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010 డిసెంబరులో పదిహేనేళ్లకు చేసుకున్న వాణిజ్య హక్కుల (ప్రసారాలు, స్పాన్సర్‌షిప్‌ల) ఒప్పందం గడువు 2025 డిసెంబరుతో తీరింది. దాని తర్వాతి కాలానికి 2025లో టెండరు పిలిస్తే ఒక్క బిడ్డు కూడా దాఖలు కాలేదు. అంటే క్లబ్బు బతుకు యజమాని జేబు మీదా, స్పాన్సరు మీదా, గేటు దగ్గర వసూలు మీదా ఆధారపడాలి.

ఆ గేటు వసూలు ఎంత వస్తుందో చూద్దాం. ఉదాహరణకే చెబుతున్నాం. 2,000 సీజన్ టికెట్లు ఒక్కోటి 1,200 రూపాయల చొప్పున అమ్మితే 24 లక్షలు. ప్రతి మ్యాచుకూ ఇంకో 3,000 మంది వంద రూపాయల టికెట్టు కొంటే పన్నెండు మ్యాచులకు 36 లక్షలు. రెండూ కలిపి 60 లక్షలు. ఇక 25 మంది ఆటగాళ్లకు సగటున నెలకు 60 వేలు ఇచ్చినా నెలకు 15 లక్షలు, పది నెలలకు కోటిన్నర. కోచ్, ఫిజియో, గోల్‌కీపింగ్ కోచ్, కిట్‌మ్యాన్ జీతాలు ఇందులో లేవు. ఐఎస్‌ఎల్ కింది స్థాయి జాతీయ లీగ్ (ఐ-లీగ్‌గా పేరుపడింది) ఆడితే షిల్లాంగ్, ఐజాల్, శ్రీనగర్ వెళ్లాలి. అనంతపురంలో విమానాశ్రయం లేదు కాబట్టి పాతిక మందితో బస్సులో ముందు బెంగళూరు చేరాలి, అక్కడినుంచి విమానాలు మారాలి. స్టేడియం కిక్కిరిసినా టికెట్ల డబ్బుతో జీతాల్లో సగం కూడా గట్టెక్కవు. ఐఎస్‌ఎల్‌లో జీతాల గరిష్ఠ పరిమితి కొన్నేళ్లపాటు 16.5 కోట్లు. దాని పక్కన మన 60 లక్షలు ఏపాటి?

సొంత మైదానంలో ఆడినా ఖర్చు తప్పదు. పైనుంచి చూసేవాళ్లకు తెలియనిది నీళ్ల ఖర్చు. ఆట గీతల లోపల 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. చుట్టూ అంచు కలుపుకుంటే 110 బై 75, అంటే 8,250 చదరపు మీటర్ల పచ్చిక. ఎండాకాలంలో బెర్ముడా గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పట్టాలి. లెక్క కడితే 41,250 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది దాటుతాయి. రోజుకు. ఈ జిల్లాలో మార్చి వచ్చిందంటే బోర్లు ఎండుతాయి, ట్యాంకరు ధర పెరుగుతుంది. తడి ఆగిపోతే ముందు పోయేది గోల్‌పోస్టుల ముందున్న పెనాల్టీ ఏరియా. గోల్‌కీపర్లు తొక్కే చోట గడ్డి లేచిపోయి నేల పగుళ్లిస్తుంది, బంతి అడ్డదిడ్డంగా ఎగురుతుంది, కింద పడ్డవాడి మోచెయ్యి చర్మం లేచిపోతుంది. మైదానం పాడైందని మ్యాచును వేరే ఊరికి మారిస్తే ఆ రోజు గేటు వసూలు సున్నా. అందుకే శుద్ధిచేసిన మురుగునీటిని పైపులైనులో మైదానానికి ఇచ్చే ఏర్పాటు లీజులోనే రాయండి. ఇంకా ఫ్లడ్‌లైట్లకు 250 కేవీఏ జనరేటరు పెడితే గంటకు 40 లీటర్లకు అటూ ఇటూ డీజిల్, నాలుగు గంటలకు 160 లీటర్లు. పోలీసు బందోబస్తు, అంబులెన్సు, డాక్టరు, మ్యాచ్ అధికారుల బస, గ్రౌండ్ శుభ్రం చేయించడం అదనం.

ఇల్లు అలకగానే పండగ కాదు. క్లబ్బులు దెబ్బతినేది ఆదాయం తక్కువై మాత్రమే కాదు, డబ్బు వచ్చే నెలకూ ఖర్చయ్యే నెలకూ పొంతన లేక. జులై, ఆగస్టుల్లో సీజన్ టికెట్ల డబ్బు వస్తుంది, స్పాన్సరు మొదటి విడత వస్తుంది. అదే నెలల్లో ఏజెంట్ల కమిషన్లు, ఆటగాళ్ల సంతకాల బోనస్సులు కట్టాలి. ఒప్పందాలు రెండు మూడేళ్లకు రాస్తారు, ఆదాయం మాత్రం ఏడాదికే లెక్క. డిసెంబరు దాటేసరికి ఖాతాలో ఏమీ ఉండదు. జనవరి జీతానికి యజమాని చెయ్యి చాపాలి. యజమాని ఇచ్చిన ప్రతి రూపాయినీ వాటాధనంగా కాకుండా అప్పుగా రాయించుకుంటే, మూడేళ్లకు క్లబ్బే ఆయనకు కోట్లు బాకీ ఉంటుంది. ఆయన వెళ్లిపోతూ ఆ బాకీ చూపించి ఆటగాళ్లను అమ్ముతాడు.

మీరు చెయ్యగలిగింది ఇది. లీజుకు ముందే క్లబ్బు, బ్యాంకు, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ముగ్గురూ కలిసి ఒక ఎస్క్రో ఖాతా (షరతు తీరితేనే డబ్బు విడుదలయ్యే ఖాతా) ఒప్పందం రాసుకోవాలి. సీజన్ టికెట్ల డబ్బు కౌంటర్ దగ్గరైనా, ఆన్‌లైన్‌లో అయినా నేరుగా ఆ ఖాతాలోనే పడాలి. ఒక్కో సొంత మ్యాచు ముగిశాక, రిఫరీ నివేదిక అందిన మూడు పనిదినాల్లో పన్నెండో వంతు క్లబ్బుకు విడుదల కావాలి. పై ఉదాహరణలో మ్యాచుకు 2 లక్షలు. మ్యాచు రద్దయితే లేదా ఊరు మారితే ఆ భాగం టికెట్టు కొన్నవాడి యూపీఐ ఖాతాకు తిరిగి వెళ్లాలి. ఆ ఖాతా మీద క్లబ్బు ఓవర్‌డ్రాఫ్టు తీసుకోకూడదని, బ్యాంకు తన పాత బాకీల కింద జమ చేసుకోకూడదని విడిగా రాయించండి. ఈ వాక్యం లేని ఎస్క్రోతో ఒరిగేదేమీ ఉండదు.

రెండోది జీతాల హామీ. రెండు నెలల జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ శాప్ పేరున ఉండాలి. నెల జీతం పదో తేదీ దాటితే క్లబ్బును సంజాయిషీ అడగాలి, నలభై రోజులు దాటితే గ్యారంటీ నుంచే చెల్లించాలి. రెండు నెలల బకాయి పడి ఆటగాళ్లు నోటీసులిచ్చే దాకా రానివ్వకూడదు. జర్మనీలో రాబోయే సీజన్ మొత్తానికీ డబ్బు సరిపోతుందని ముందే కాగితాలతో చూపిస్తేనే లైసెన్సు. యూరప్ టోర్నీల్లో ఆడే క్లబ్బులు జట్టు మీద ఖర్చును ఆదాయంలో 70 శాతానికి మించనివ్వకూడదని యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యుయెఫా నిబంధన. మన దగ్గర యజమాని పెట్టుబడి కలవకుండా ఆ నిష్పత్తి ఇప్పట్లో కుదరదు, నిజమే. అందుకే ఆ పెట్టుబడి అప్పుగా కాక వాటాధనంగా రావాలని పట్టుబట్టండి.

మూడోది బోర్డు. రేషన్ షాపు ముందు స్టాకు బోర్డు ఉన్నట్టు, మైదానం గేటు దగ్గర మూడు నెలలకోసారి మార్చే తెలుగు బోర్డు ఉండాలి. టికెట్ల రాబడి, స్పాన్సర్ల రాబడి, యజమాని పెట్టిన వాటాధనం, యజమానికి క్లబ్బు బాకీ, జీతాలు ఏ నెల వరకు ఇచ్చారు, పీఎఫ్ ఏ నెల వరకు కట్టారు, అరవై రోజులు దాటిన బిల్లులు, ఎస్క్రోలో మిగిలిన డబ్బు. ఎనిమిది వరుసలు. పీఎఫ్ వరుసను అభిమానులు ముందుగా చూడాలి, ఎందుకంటే చేతిలో డబ్బాడనప్పుడు ఏ సంస్థ అయినా మొదట ఆపేది అదే.

టికెట్టు ధర విషయంలో ఒక చిక్కు. గుర్తింపు పొందిన క్రీడా పోటీకి మనిషికి 500 రూపాయల వరకు టికెట్టు మీద జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. మ్యాచుకు వంద చొప్పున లెక్కేసిన 1,200 రూపాయల సీజన్ టికెట్టును ఈ రెండింటిలో దేని కింద చూడాలో వాణిజ్య పన్నుల శాఖ నుంచి ముందే రాతపూర్వకంగా తెప్పించండి. లేదంటే సీజన్ సగంలో నోటీసు వస్తుంది, ఆ భారం మళ్లీ టికెట్టు మీదే పడుతుంది.

క్లబ్బు పేరు, చిహ్నం, రంగులు ఊరి దగ్గరే ఉండాలి. ఇది మాకు అన్నిటికన్నా ముఖ్యం. అభిమానులు కంపెనీగా ఏర్పడదామంటే ప్రైవేటు కంపెనీలో 200 మందికి మించి సభ్యులు ఉండకూడదు. అందుకే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అభిమానుల సంఘాన్ని నమోదు చేయించి, మనిషికి ఒక ఓటు పెట్టి, ట్రేడ్‌మార్కును దుస్తుల తరగతి 25 లోనూ క్రీడా వినోదాల తరగతి 41 లోనూ ఆ సంఘం పేరునే రిజిస్టరు చేయించాలి. సంఘం ఏడాదికి ఒక్క రూపాయికి దాన్ని క్లబ్బుకు వాడుకోనిస్తుంది. క్లబ్బు ఊరు వదిలితే ఆ పేరూ, ఆ రంగూ దాంతో పాటు పోవు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ క్లబ్బు 2010లో ఒకసారి, 2012లో మరోసారి అప్పుల్లో మునిగితే, 2013లో రెండు వేలమందికి పైగా అభిమానులు తలా 1,000 పౌండ్లు వేసుకుని ట్రస్టు ద్వారా దాన్ని నిలబెట్టుకున్నారు. 2017లో ఓటు వేసి కొత్త యజమానికి అమ్మారు. అమ్మాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంది, అదే తేడా.

పిల్లల శిక్షణ డబ్బు గురించి కూడా ఒక మాట. ఆటగాడు విదేశీ క్లబ్బుకు బదిలీ అయితే, ఆ రుసుములో 5 శాతం వరకు అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తీర్చిదిద్దిన క్లబ్బులకు దక్కాలి. 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, ఆపైన ఏడాదికి అర శాతం. కానీ ఆ ఏళ్లలో పిల్లవాడి పేరు సమాఖ్య ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఆ క్లబ్బు కింద ఉండాలి. మన మండలాల్లోని చిన్న క్లబ్బులు చాలావరకు ఆ నమోదు చెయ్యవు. జిల్లా క్రీడా కార్యాలయంలో ఒక ఆపరేటరును ఏటా రెండు నెలలు దీనికే కేటాయిస్తే చాలు.

చివరగా, రవాణా శాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి అడుగుతున్నాం. రాత్రి 7.30కు మొదలయ్యే మ్యాచు అయ్యేసరికి 9.20 దాటుతుంది. స్టేడియం నుంచి బస్టాండుకు చేరేసరికి పది. ధర్మవరం, గుత్తి, కళ్యాణదుర్గం, తాడిపత్రి నుంచి వచ్చినవాళ్లు ఇల్లు చేరాలంటే అప్పటికి ఆటోకో, అద్దె కారుకో టికెట్టుకు ఐదారు రెట్లు ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చుకు భయపడి రెండోసారి రారు. సొంత మ్యాచులు ఆదివారం సాయంత్రం ఐదింటికి పెట్టమని లీజులో రాయండి, లేదా ఆ నాలుగు ఊళ్లకూ రాత్రి 10.15కు స్టేడియం గేటు నుంచే ఆర్టీసీ బస్సు వేయించండి. సీజన్ టికెట్టు చూపించినవాడికి బస్సు చార్జీలో రాయితీ ఇస్తే ఆ 2,000 టికెట్లు ముందే అమ్ముడవుతాయి.

ఎస్క్రో, గ్యారంటీ, బోర్డు, ట్రేడ్‌మార్కు షరతులను తెలుగులో నాలుగు పేజీల ముసాయిదాగా రాసి పెట్టుకున్నాం. మీ శాఖ న్యాయ విభాగం ఏ రోజు కూర్చోమంటే ఆ రోజు పట్టుకొస్తాం.

ఇట్లు,
అనంతపురం ఫుట్‌బాల్ అభిమానులు