లెక్కలు రాకపోవడం మొద్దుతనం కాదు

సంపాదకులకు,

ఆఫ్రికాలోని సెరెంగెటీ మైదానాల్లో ఆడసింహాలు పరాయి గర్జనలు ఎన్ని గొంతులవో గ్రహించి, తమ సంఖ్య ఎక్కువైనప్పుడే ఎక్కువగా ముందుకు కదులుతాయని 1994లో పరిశోధకులు వెల్లడించారు. ఐదు నెలల పసివాళ్లు సైతం తెర వెనుక ఒక బొమ్మకు మరొకటి చేర్చాక తెర తీస్తే ఒక్కటే కనిపించినప్పుడు, లెక్క తప్పిందన్నట్టు ఎక్కువసేపు చూస్తారని 1992లో మనస్తత్వవేత్త కేరెన్ విన్ చూపారు. ఇంత సహజమైన ఈ సంఖ్యాజ్ఞానం బలహీనపడటమే, అంకెలూ లెక్కలూ పట్టుబడని డిస్కాల్క్యులియా అనే అభ్యసన ఇబ్బందికి ఒక కారణమని పలువురు శాస్త్రవేత్తల అభిప్రాయం. ఏడు పెద్దదా తొమ్మిది పెద్దదా అని తేల్చుకోవడానికే తడబడే పిల్లవాడికి గోడకుర్చీ వేయిస్తే ఎక్కాలు వస్తాయా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో చేర్చింది. కాబట్టి విద్యాశాఖ దీనిని ప్రాథమిక తరగతుల్లోనే గుర్తించేలా ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చి, చింతగింజలతోనూ సంఖ్యారేఖతోనూ నెమ్మదిగా నేర్పేందుకు వారికి వ్యవధి కల్పించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు, నల్గొండ