నెగటివ్ అని రాసేముందు

సంపాదకుడు గారికి,

రొమ్ము క్యాన్సర్‌ను త్వరగా గుర్తించాలని అందరూ చెబుతున్నారు, మంచిదే. గుర్తించాక ల్యాబ్‌లో జరిగే హార్మోన్ రిసెప్టర్ పరీక్ష గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. క్యాన్సర్ కణాల్లో హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు ఉన్నాయో లేదో ఇందులో చూస్తారు; ఉంటేనే హార్మోన్ మాత్రలు ఇస్తారు. మా అక్కకు ఆపరేషన్‌లో తీసిన గడ్డలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ రిసెప్టర్ నెగటివ్, అంటే లేదని రిపోర్టు వచ్చింది. అది గ్రేడ్ 1 గడ్డ, అంటే కణాలు చాలావరకు మామూలు కణాల్లాగే కనిపించే రకం. అలాంటి వాటిలో నెగటివ్ రావడం చాలా అరుదు కాబట్టి డాక్టరుగారికి అనుమానం వచ్చింది. అంతకుముందు తీసిన బయాప్సీ ముక్కను వేరే ల్యాబ్‌కు పంపిస్తే పాజిటివ్ అని తేలింది. ఆ రెండు వారాలూ మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. ఆయనకు అనుమానం రాకపోయుంటే అక్కకు కనీసం ఐదేళ్లు వాడాల్సిన హార్మోన్ మాత్రలు అందేవే కావు.

తప్పు ఎక్కడ జరగొచ్చో ఆ తర్వాత తెలుసుకున్నాను. తీసిన గడ్డను గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే కణాలు పాడవకుండా ఉంచే ద్రవంలో, వేయాలి. ఫార్మలిన్ లోపలికి మెల్లగా ఇంకుతుంది కాబట్టి పెద్ద గడ్డను ముందే కోసి పెట్టాలి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా నాననివ్వాలి. ఆలస్యమైతే రిసెప్టర్లు దెబ్బతింటాయి, ఆపైన ఎంత మంచి మెషీన్ ఉన్నా, పరీక్షలో రిసెప్టర్లను చూపించే రంగు పట్టదు. నూటికి ఒక్క క్యాన్సర్ కణం కేంద్రకానికి రంగు పట్టినా పాజిటివ్‌గానే లెక్కిస్తారు. 1 నుంచి 10 శాతం వరకైతే 'తక్కువ పాజిటివ్' అని విడిగా రాయమని 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే స్లైడులో మామూలు రొమ్ము నాళాలు ఉంటే వాటి కణాల్లో కొన్నింటికైనా రంగు రావాలి. అక్కడా రాలేదంటే, పరీక్షే సరిగా జరగలేదేమో చూడకుండా నెగటివ్ అని ఎలా రాస్తారు?

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటు కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్‌లో 1997 నుంచి 2005 వరకు చేసిన పరీక్షల్లో దాదాపు 400 మందికి తప్పు ఫలితాలిచ్చారు. జడ్జి మార్గరెట్ కామెరాన్ విచారణ జరిపి 2009లో నివేదిక ఇచ్చారు.

గడ్డ తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం, ఎన్ని గంటలు ఉంచారన్నది ప్రతి రిపోర్టులోనూ ఉండేలా ఆరోగ్య శాఖ నిబంధన పెట్టాలి. మామూలు కణాలకు రంగు వచ్చిందో లేదో కూడా రాయాలి. ల్యాబ్‌ల పనితీరును బయటివాళ్లు క్రమం తప్పకుండా పరీక్షించాలి. రోగి రెండో అభిప్రాయం కోరితే, గడ్డ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులను జాప్యం చేయకుండా ఇవ్వాలి.

— ఒక పాఠకురాలు