రీలోడింగ్ వర్క్‌బెంచ్ ఆర్డర్ ప్రకారం లేదు: మార్చండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి

మేనేజర్ గారికి,

నమస్కారం. డాలస్‌లో మన తెలుగువాళ్ల వడ్రంగి షాపు కదా, మాట మీద ఉంటారని నమ్మి మీకు ఆర్డర్ ఇచ్చాను. అందుకే ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను.

ఇంట్లో తూటాలు రీలోడ్ చేసుకోవడానికని, అంటే పేల్చిన తూటాల ఇత్తడి కేసుల్లో మళ్లీ తుపాకి మందు, గుండు నింపుకోవడానికని, మొదటే స్పష్టంగా చెప్పాను. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అతికించిన పలక, ఫోర్-బై-ఫోర్ కాళ్లు, ధర 1,150 డాలర్లు అని మీరే ఆర్డర్ కాగితంలో రాసిచ్చారు.

ఫోర్-బై-ఫోర్ అని అమ్మే కర్ర చిత్రిక పట్టాక మూడున్నర అంగుళాలే ఉంటుందని నాకు తెలుసు. దానికి పేచీ లేదు. కానీ మీరు వేసినవి టూ-బై-ఫోర్ కాళ్లు, మందం ఒకటిన్నర అంగుళాలే. పలక సంగతి ఇంకా అన్యాయం. ప్రెస్ (కేసులను నొక్కే చేతి యంత్రం) బిగించడానికి బెజ్జం వేస్తుంటే ప్లైవుడ్ పొరలే తగల్లేదు, రవ్వలాంటి పొట్టు రాలింది. లోపలంతా పార్టికల్ బోర్డు. అంచుకు మాత్రం ప్లైవుడ్‌లా కనిపించే పట్టీ అతికించారు. నట్టు బిగించేకొద్దీ వాషర్ పలకలోకి దిగిపోతోంది.

రైఫిల్ ఇత్తడి కేసును డై అనే అచ్చులోకి నెట్టి మళ్లీ సరైన కొలతకు తేవాలంటే ప్రెస్ హ్యాండిల్ మీద బాగా బలం పెట్టాలి. అలా కిందికి నొక్కితే మీ బల్ల ముందంచు వంగుతోంది, పైకెత్తితే ముందు కాళ్లు నేలను వదులుతున్నాయి. మందు తూచేది కూడా ఈ బల్ల మీదే. పౌనుకు 7,000 గ్రెయిన్లు, మేం తూచేది ఒక గ్రెయిన్‌లో పదో వంతు వరకు. బల్ల ఊగితే త్రాసు ముల్లు నిలవదు, మందు కొలిచి పోసే పౌడర్ మెజర్‌లో అది ఒకసారి ఒత్తుగా, ఒకసారి వదులుగా సర్దుకుని ప్రతిసారీ పడే కొలత మారుతుంది. మరీ తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. ఎక్కువైతే తుపాకే పగిలిపోయి కళ్లు, చేతులు పోవచ్చు. అందుకే ఈ బల్ల మీద ఒక్క తూటా కూడా తయారు చేయలేదు.

ఫోన్ చేస్తే మీ అబ్బాయి "గోడకు బిగించుకోండి అంకుల్, సరిపోతుంది" అన్నాడు. గోడ లోపలి నిలువు కర్రలు (స్టడ్‌లు) ఎక్కడున్నాయో చూసి, లావుపాటి లాగ్ స్క్రూలతో వాటికి బిగించాను. వెనక ఊపు తగ్గింది, ముందంచు వంగడం అలాగే ఉంది. పలకే మెత్తగా ఉంటే గోడేం చేస్తుంది?

పలక, కాళ్లు ఆర్డర్‌లో ఉన్నట్టు మార్చి ఇవ్వండి. కుదరకపోతే బల్ల తీసుకెళ్లి 1,150 డాలర్లూ వాపసు ఇవ్వండి. రవాణా ఖర్చు మీదే. ఇదే బల్ల కొన్న మిగతావాళ్లకు కూడా లోపల ఏముందో వెంటనే తెలియజేయండి. వాళ్లు ఇప్పటికే దాని మీద మందు తూస్తూ ఉండొచ్చు, నాకు అదే పెద్ద టెన్షన్‌గా ఉంది.

టెక్సాస్ వినియోగదారుల రక్షణ చట్టం కింద దావా వేయడానికి ముందు ఇవ్వాల్సిన 60 రోజుల నోటీసుగా కూడా ఈ లేఖను తీసుకోండి. బెజ్జం, పట్టీ, కాళ్ల కొలతల ఫోటోలు, ఆర్డర్ కాగితం నకలు జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్