కాంక్రీటు చేసే చప్పుడు వినాలి

సంపాదకులకు నమస్కారం.

కట్టడాల గురించి వచ్చే వార్తల్లో కాంక్రీటు 'ఒక్కసారిగా' పగిలిపోయిందన్న మాట తరచుగా కనిపిస్తుంటుంది. ఏళ్ల తరబడి ప్రయోగశాలలో కాంక్రీటును పరీక్షిస్తున్న నాకు ఆ మాట సరైనదిగా తోచదు. నొక్కితే ఎంతో బరువును ఓర్చుకునే కాంక్రీటు, లాగితే అందులో సుమారు పదో వంతుకే లొంగిపోతుందన్నది నిజమే. అయినా ఆ లొంగడానికి ముందు కొంత కథ నడుస్తుంది, అది మన కంటికి అందదు.

లాగుడు పెరిగేకొద్దీ సిమెంటు ముద్దకూ కంకర రాయికీ మధ్యనున్న బలహీనమైన పొరలో సూక్ష్మమైన పగుళ్లు మొదలవుతాయి. పగులు పుట్టిన ప్రతిసారీ విడుదలయ్యే శక్తిలో కొంత భాగం తరంగంగా మారి, సెకనుకు దాదాపు 4 కిలోమీటర్ల వేగంతో దిమ్మెలో పాకుతుంది. దీన్నే అకౌస్టిక్ ఎమిషన్ అంటారు. ఈ తరంగాలు చాలావరకు మన చెవికి వినిపించే 20 కిలోహెర్ట్జ్ హద్దుకు పైన ఉంటాయి కనుక, దిమ్మెకు అంటించిన పీజోఎలక్ట్రిక్ సెన్సార్లతో, అంటే కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాలతో, వాటిని పట్టుకుంటాం. ఒకే తరంగం ఒక్కో సెన్సారును మైక్రోసెకన్ల తేడాతో చేరుతుంది. భూకంప కేంద్రాన్ని గుర్తించినట్టే, ఆ తేడాలను బట్టి పగులు పుట్టిన చోటును లెక్కగట్టవచ్చు.

గాటు పెట్టిన దిమ్మెను నెమ్మదిగా లాగుతూ ఆ చోట్లను తెరమీద చుక్కలుగా చూస్తే, మొదట్లో అవి అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉంటాయి. బలం గరిష్ఠానికి చేరువయ్యేసరికి గాటు ముందు ఒక సన్నని పట్టీలో గుమిగూడతాయి. గరిష్ఠం దాటాక కూడా, పగులు తెరుచుకునే వేగాన్ని అదుపులో ఉంచితే చుక్కలు పడుతూనే ఉంటాయి, ఎందుకంటే రెండు ముఖాలనూ కంకర రాళ్లు ఇంకా పట్టి ఉంచుతాయి. పగులు కొసన ఇలాంటి మండలం ఒకటి ఉంటుందని 1976లో స్వీడన్ పరిశోధకుడు హిల్లర్‌బోర్గ్ బృందం ప్రతిపాదించిన నమూనాను ఈ చుక్కల్లో కళ్లారా చూసినట్టే ఉంటుంది.

ఈ పద్ధతిని గుడ్డిగా నమ్మమని నేననను. దిమ్మెను పట్టుకున్న బిగింపుల దగ్గర రాపిడి కూడా సంకేతాలను పుట్టిస్తుంది, కంకర వల్ల తరంగాలు దారిలోనే నీరసిస్తాయి, నమోదైన సంకేతాల సంఖ్య పగుళ్ల సంఖ్య కాదు. అందుకే పరీక్షకు ముందు దిమ్మె మీద 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్ ములుకును విరిచి, లెక్కలో వచ్చిన చోటు విరిచిన చోటుతో సరిపోతోందో లేదో చూసుకుంటాం. ఒకసారి తరంగాలు సెన్సారుకు చక్కగా అందేందుకు దాని కింద పూసే గ్రీజు సరిగా పరుచుకోలేదని గమనించక, రోజంతా చేసిన పరీక్షను నేను పారేయవలసి వచ్చింది.

ఇంత తెలిసే వీలుండగా, తన్యతా పరీక్ష (లాగి చూసే పరీక్ష) నివేదికల్లో చాలావరకు చివరి బలాన్ని తెలిపే ఒకే ఒక్క అంకె మిగలడం నాకు బాధ కలిగిస్తోంది. ఒకే బలం చూపిన రెండు దిమ్మెల్లో ఒకటి చాలా ముందునుంచే దెబ్బతింటూ వచ్చి ఉండవచ్చు. సెన్సార్లున్న ప్రయోగశాలలైనా ఆ అంకె పక్కన, సంకేతాలు మొదలైన భారాన్నీ అవి గుమిగూడిన భారాన్నీ కూడా నమోదు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కాంక్రీటు పరిశోధకుడు