గడి గోడలు సరే, గడి కాగితాలేవి?

సంపాదకులకు నమస్కారం.

పాతకాలపు దొరల కోటల్లాంటి ఇళ్ళు, గడీలను బాగుచేసి పర్యాటకులకు చూపించాలని ఈ మధ్య మీ జిల్లా పేజీలో రాశారు. చేయండి, వద్దనను. వనపర్తి రాజావారి కోటలో పాలిటెక్నిక్ పెట్టినట్టు నలుగురికీ పనికొచ్చేది ఏదైనా పెడితే ఇంకా సంతోషం. కాని ఆ వార్తలో బురుజులున్నాయి, చెక్కిన దర్వాజలున్నాయి, ఆ గడిలో ఒళ్ళు అరగదీసుకున్న మనుషులు మాత్రం లేరు. మా తాత దేవరకొండ తాలూకాలో ఒక దొర దగ్గర జీతగాడు. మా అవ్వ అదే గడిలో వడ్లు దంచింది. అందుకే ఈ ఉత్తరం.

మా చిన్నమ్మాయి స్కాట్లాండులో పెర్త్ అనే ఊళ్ళో నర్సు. అక్కడి అబ్బాయినే చేసుకుంది. మేం వాళ్ళింటికి పోయినప్పుడు మా వియ్యపురాలు తన పూర్వీకుల జాడ తీసే పనిలో ఉంది. వాళ్ళదీ మాలాంటి కుటుంబమే. ఆమె ముత్తాత తండ్రి గుర్రాలు కట్టి నాగలి దున్నిన జీతగాడు, అతని భార్య పాలు పితికి వెన్న తీసిన పనిమనిషి. ఇద్దరూ టే సరస్సు దగ్గర కెన్‌మోర్ ప్రాంతంలో, బ్రెడాల్బేన్ ప్రభువుల ఎస్టేటులో పనిచేశారు. అక్కడి టేమత్ కోటలో 1842లో విక్టోరియా రాణి బసచేసింది. రాణి సంగతి పుస్తకాల్లో ఉంది, ఆ కోటకు పాలు, వెన్న అందించిన చేతులెవరివో తెలియాలన్నది మా వియ్యపురాలి పట్టుదల. నేను తహశీలు ఆఫీసు రికార్డు రూములో దుమ్ము తిని పింఛను తీసుకుంటున్నవాణ్ణి. కాగితాల కట్ట కనబడితే చేతులు ఊరుకోవు. నేనూ కూర్చున్నాను.

ఆ దేశంలో పుట్టుక, పెళ్ళి, చావు సర్కారు దఫ్తరులో రాయించడం 1855 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఆ మొదటి ఏడాది కాగితాలు చూడాలి! బిడ్డ పుడితే తల్లిదండ్రుల వయసు, వాళ్ళు పుట్టిన ఊరు, పెళ్ళెప్పుడు, ఎక్కడ, బిడ్డకు ముందు పుట్టినవాళ్ళెందరు, అన్నీ రాశారు. అంత రాయడం గుమస్తాల వల్ల కాలేదు, మరుసటి ఏడాదే చాలా కాలమ్స్ ఎత్తేశారు. (గుమస్తాల బాధ నాకు తెలుసు.) మా వియ్యపురాలి అదృష్టం, వాళ్ళ ముత్తాత సరిగ్గా ఆ 1855లోనే పుట్టాడు. అంతకు వెనక్కి పోవాలంటే చర్చిల రిజిస్టర్లే దిక్కు.

జనాభా లెక్కలు ఇంకో నిధి. 1841 లెక్కల్లో పెద్దవాళ్ళ వయసును ఐదేళ్ళ లెక్కకు (34 ఉంటే 30గా) కిందికి దించి రాశారు గనుక దాన్ని నమ్ముకుంటే మోసం. 1851 నుంచి అసలు వయసు, పుట్టిన ఊరు, ఇంటి యజమానికి ఏమవుతారో ఉంటాయి. దున్నేవాళ్ళు పెళ్ళికాకముందు ఆర్నెల్లకు, పెళ్ళయితే ఏడాదికి జీతం కుదురుకునేవాళ్ళు. గడువు తీరితే మూటాముల్లె సర్దుకుని ఇంకో కామతం. మా దిక్కు ఉగాదికి జీతగాళ్ళు దొరను మార్చినట్టే. అందువల్ల ఆ ఇంట్లో పిల్లలంతా తలా ఒక ఊళ్ళో పుట్టారు. పిల్లలు పుట్టిన ఊళ్ళను వరసగా పటం మీద గుర్తుపెడితే తండ్రి ఏ ఏడు ఎవరి పొలం దున్నాడో తేలిపోయింది. 1861 లెక్కల్లో కిటికీ ఉన్న గదులెన్నో కూడా రాశారు. ఆ కుటుంబానికి ఒకటే.

నన్ను ఆపేసింది మాత్రం భూమి, ఇళ్ళ విలువ కట్టిన పుస్తకం. 1855 నుంచి ఏటా రాసిన ఈ పుస్తకంలో యజమాని పేరుంది, కౌలుదారు పేరుంది, దున్నిన మనిషి పేరు లేదు. ఏడాదికి నాలుగు పౌన్ల లోపు కిరాయి ఇళ్ళలో ఉండేవాళ్ళ పేర్లు రాయనక్కర్లేదని అక్కడ వెసులుబాటు. భూమి రికార్డులో భూమిలేనివాడు ఎక్కడా కనబడడు, నల్లగొండలో అయినా పెర్త్‌లో అయినా.

మరి వాళ్ళెక్కడ దొరికారు? ఎడింబరాలో రిజిస్టర్ హౌస్ అని పాత రాతి భవనం. బ్రెడాల్బేన్ వంశం వాళ్ళ ఎస్టేటు కాగితాలన్నీ అక్కడి జాతీయ రికార్డుల సంస్థకు చేరాయి. జీడీ 112 అన్న నంబరు కింద అడిగితే తెచ్చి బల్ల మీద పెడతారు. శిస్తు లెక్కలు, పేష్కారుల ఉత్తరాలు, పనివాళ్ళకిచ్చిన జీతం చిట్టాలు. ఆ చిట్టాలో ఆ పాలమనిషి పేరు కనబడ్డది, ఇంటిపేరుతో సహా. ఆమె జాడ చర్చి పెద్దల తీర్మానాల పుస్తకంలో కూడా ఉంది. పెళ్ళికి ముందే బిడ్డను కన్నందుకు పిలిపించి నిలబెట్టి మందలించారు, తండ్రి పేరు చెప్పించి రాసుకున్నారు. చదువుతుంటే నాకే సిగ్గేసి మా వియ్యపురాలి మొహం చూడలేకపోయాను. ఆమె మాత్రం విరగబడి నవ్వి, "అవమానించేందుకు రాశారు, నాకు మాత్రం మా ముత్తవ్వను ఇచ్చారు" అంది.

తిరిగొచ్చి నా పని మొదలుపెట్టాను. 1954-55లో ఊరూరా భూముల లెక్క రాసిన ఖాస్రా పహాణీ నాకు కంఠతా వచ్చినంత పని. అందులో పట్టాదారు, కబ్జాలో ఉన్నవాడు ఉంటారు. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా ఉంది, మా తాతకు కౌలు కూడా లేదు. నీరటి, మస్కూరి లాంటి ఊరి కొలువు పనులకు ఇనాం భూములు ఉండేవి గనుక వాళ్ళ పేర్లు దఫ్తరుకెక్కాయి. జీతగాడికి ఇనాం లేదు. జనాభా లెక్కల మాట ఎత్తకండి, 1948 చట్టం ప్రకారం మన ఇంటి వివరాల కాగితం మనకే చూపరు. మా నాయన పేరు మొదటిసారి కాగితం మీద పడ్డది బడి రిజిస్టరులో, అదీ పంతులు తోచినట్టు వేసిన పుట్టినతేదీతో. అంతకు మునుపటిది మా కులం కథ చెప్పే డక్కలివాళ్ళ నోట్లోనే ఉండేది. మాది మాదిగ కులం. కిన్నెర పట్టుకుని వచ్చి మా గోత్రం, మా వాళ్ళు ఏ ఊరి నుంచి కదిలొచ్చారో చెప్పి, తమకు రావలసింది తీసుకుని పోయేవాళ్ళు. వాళ్ళు రావడం మానేశారు. మేమూ పిలవడం మానేశాం.

మిగిలింది గడి కాగితాలు. తెలంగాణ సాయుధ పోరాటంలో మా వైపు చాలా గడీల్లో అప్పు పత్రాలు, లెక్కల పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. తప్పంటానా? అనను. ఆ పుస్తకాల్లో మా వాళ్ళ పేరు పక్కన ఉన్నది అప్పు. వెట్టికి, అప్పు కింద చేసే చాకిరీ భగేలాకు సాక్ష్యం ఉంటే దొరలు బతకనివ్వరని మా వాళ్ళకు తెలుసు. కాని అన్నీ కాలిపోలేదు. ఆ లెక్కలు పెట్టెల్లో పడి హైదరాబాదు ఇళ్ళ అటకల మీద, కొన్ని బహుశా అమెరికాలో, ఉన్నాయని రికార్డు రూముకు వచ్చిపోయే దొరల వారసులే నాకు చెప్పారు.

ఇక్కడే స్కాట్లాండు వాళ్ళ పద్ధతి ఒకటి మనం తెచ్చుకోవాలి. 1946లో వాళ్ళు ప్రైవేటు కాగితాలకు ఒక జాబితా మొదలుపెట్టారు. సర్కారు మనిషి ఎస్టేటుకు పోయి ఏ పెట్టెలో ఏముందో రాసుకొస్తాడు. కాగితాలు ఆ ఇంట్లోనే ఉంటాయి, హక్కు వాళ్ళదే. జాబితా మాత్రం అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరికైనా కావాలంటే ఆ జాబితా చూసి యజమానిని అడగొచ్చు. 1946 అంటే కడవెండిలో సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఏడు. ఆ ఏడు మనకు కాగితాలు దాచే తీరిక ఎక్కడిది? ఇప్పుడుంది.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళు ఇది చేయాలి. గద్వాల, కొల్లాపురం, వనపర్తి సంస్థానాల కుటుంబాలతో మొదలుపెట్టి నల్లగొండ, సూర్యాపేట దేశ్‌ముఖుల ఇళ్ళ దాకా రావచ్చు. జాగీర్లు, దేశ్‌ముఖీలు పోయి డెబ్బై ఐదేళ్ళు దాటింది, ఆ కాగితాలతో ఎవరి భూమీ ఎవరూ గుంజుకోలేరు. ఆ భయం వదలండి. మాకు కావలసింది సర్వే నంబర్లు కాదు, జీతం జొన్నలు కొలిచిచ్చిన చిట్టా. అందులో మనిషి పేరు, ఏడు ఉంటే చాలు.

గడులు అమ్ముతున్నవాళ్ళకూ, కూలగొట్టి ప్లాట్లు చేస్తున్నవాళ్ళకూ ఒక మనవి. పాత పుస్తకాలను తూకానికి వేయకముందు ఒకసారి తెరిచి చూడండి. ఉర్దూలో ఉన్నాయని పారేయవద్దు, ఉర్దూ రాత చదివే ముసలివాళ్ళు నల్లగొండలో, పాలమూరులో ఇంకా ఉన్నారు. నేనూ కొంత చదువుతాను. కబురు చేస్తే బస్సెక్కి వస్తాను, చాయ్ నీళ్ళు కూడా అడగను.

— ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా