మా అమ్మకు, ఆమె రాసిపెట్టిన పుస్తకాలకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మా అమ్మ కన్నుమూసిన తరువాత జరగవలసిన కార్యక్రమాలన్నీ బంధుమిత్రుల సహకారంతో పూర్తయ్యాయి. ఆమె ఆసుపత్రిలో ఉన్నంతకాలమూ, ఆ తరువాతా మా కుటుంబాన్ని ఆదుకున్న ప్రతి ఒక్కరికీ బాపు (నాన్న) తరఫున, తమ్ముడి తరఫున, నా తరఫున నమస్కరిస్తూ ఈ మాటలు రాస్తున్నాను. ఎదురుపడినప్పుడు దుఃఖం ఆగక చాలామందికి ఏమీ చెప్పలేకపోయాం. ఎవరు ఏమి చేశారో పేరుపేరునా రాయాలని ఉన్నా, చాలామంది తమ పేర్లు బయటపెట్టవద్దని కోరినందువల్ల చేసిన మేలునే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మొదట ప్లేట్‌లెట్లు ఇచ్చినవారిని తలచుకోవాలి. అమ్మకు వచ్చింది రక్త క్యాన్సర్. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కనుక వాటిని ముందుగా సేకరించి దాచుకోవడం కుదరదు. ఇచ్చేవారు యంత్రం పక్కన గంటకు పైగా కదలకుండా కూర్చోవలసి ఉంటుంది. కరీంనగర్ నుంచి, గంగాధర నుంచి, వేములవాడ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి హైదరాబాదులో దిగి, దానం చేసి, టీ తాగి వెంటనే తిరుగు బస్సెక్కిన యువకులున్నారు. వారిలో కొందరు చిన్నప్పుడు అమ్మ వెంట, పాత శాసనం ఉన్న బొమ్మలగుట్ట ఎక్కిన పిల్లలని మాకు తరువాత తెలిసింది. బాపుతో కలిసి పనిచేసిన ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు వంతులవారీగా వచ్చి రాత్రిళ్లు ఆసుపత్రిలో కాపలా పడుకున్నారు. మా వాడకట్టు ఆడవాళ్లు ఇంటి దగ్గర నాయనమ్మకు రెండు పూటలా అన్నం పెట్టి, మందులు వేసి, మాకు ఫోనులో ఒక్క చెడు మాట కూడా వినిపించకుండా చూసుకున్నారు. వార్డులోని నర్సులు అమ్మ చెప్పే శాసనాల కబుర్లను ఓపికగా విన్నారు. ఆ వినడం ఆమెకు ఎంత బలమిచ్చిందో మేము కళ్లారా చూశాం.

అమ్మను ఆ చివరి నెలల్లోనే ఎరిగినవారి కోసం ఆమె గురించి కొంత చెప్పాలి. బాపు మొదటి బస్సు డ్యూటీలో ఉన్న ఏళ్లన్నీ ఆమె మూడు గంటలకే లేచి సద్ది కట్టేది. ఆయన ఇంటికి రాకముందు తాను తిన్న రోజు మాకు గుర్తు లేదు. ఆయనకు గుండె ఆపరేషన్ అయిన ఏడాది గుట్ట వైపు వెళ్లనేలేదు. ఎవరైనా అడిగితే, "రాయి యాడికి వోతది, మీ బాపు కోలుకోవాలె" అనేది. మా ఇద్దరి చదువులు ఆమె కుట్టుమిషను మీదే సాగాయి. శాసనం చూపడం, ఊళ్ల సంగతులు రాసుకోవడం అనే చరిత్ర పని ఇవన్నీ అయ్యాక మిగిలిన వేళల్లో చేసినదే. దానికి ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు.

తమ్ముడి బడిపిల్లలకు తోడుగా కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టకు వెళ్లినప్పుడు తెలుగు సారు అక్కడి శాసనాన్ని చదివి వినిపించారు. అది క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించినది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. తెలుగులో ఉన్నవి మూడు కంద పద్యాలు. నన్నయ భారతానికి సుమారు నూరేళ్ల ముందే మన గుట్ట మీద కందం చెక్కారన్న మాట అమ్మను వదలలేదు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా రావడానికి చూపిన ఆధారాలలో ఆ శాసనం ఒకటి. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వేములవాడ చాళుక్యుల కాలంలో అతడు గుట్ట మీద జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మలు చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసదిని (జైన గుడిని), కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను ఏర్పాటు చేశాడు. పంపడి వంశం వివరాలు లోకానికి తెలియడంలో ఈ రాయి పాత్ర పెద్దది. అందుకే కర్ణాటక నుంచి కూడా పండితులు వెతుక్కుంటూ వస్తారు.

ఆ శాసనంలో తండ్రి భీమపయ్యతో పాటు తల్లి అబ్బణబ్బె పేరు కూడా ఉంది. అమ్మకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అది. వెయ్యేళ్ల కిందటి మనిషి తల్లి పేరును రాతిమీద చెక్కిస్తే, మనం మన ముత్తవ్వల పేర్లు రెండు తరాలకే మరిచిపోతున్నామని బాధపడేది. ఆ తరువాత ఏ ఊరి సంగతి రాసుకున్నా, బావి తవ్వించినవాడి పేరు పక్కన అతని భార్య పేరు, గుడి కట్టించిన దొర పేరు పక్కన దానికి మట్టి మోసిన ఆడకూలీల పేర్లు దొరుకుతాయేమోనని అడిగి మరీ రాసేది. నా దృష్టిలో ఆమె చేసిన అసలైన పని ఇదే. చరిత్ర చదువుకున్నవారికి కూడా తట్టని ప్రశ్నలను ఇంటర్‌తో చదువు ఆపిన ఒక గృహిణి ముసలమ్మల పక్కన కూర్చొని అడిగింది.

గుట్టకు వచ్చినవారికి దారి చూపేది. అక్షరాలపై సున్నం, నూనె, రంగు పూయవద్దని బతిమాలేది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కాక, ఏటవాలుగా పడే పొద్దుటి వెలుగులో ఫొటో తీస్తేనే అక్షరం లోతు కనిపిస్తుందని పిల్లలకు నేర్పింది. కరీంనగర్ చుట్టూ గ్రానైటు కోసం గుట్టలు కరిగిపోతున్న కాలంలో బొమ్మలగుట్టను కాపాడుకోవాలని గొంతెత్తినవారందరి వెనకా వినతిపత్రాలు పట్టుకొని తిరిగినవారిలో ఆమె ఒకరు.

ఆమె పుట్టినూరు మధ్య మానేరు జలాశయంలో మునిగిన గ్రామాలలో ఒకటి. ముంపు ఖాయమని తెలిసిన నాటినుంచి కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, శాభాష్‌పల్లి, చీర్లవంచ వంటి ఊళ్లన్నీ తిరిగి, పోచమ్మ గుడి ఏ చెట్టు కింద ఉందో, బతుకమ్మ ఏ ఒడ్డున ఆడేవారో, బొడ్రాయి ఎక్కడ పాతారో, ఏ వాడలో ఎవరి ఇల్లు ఉందో పటాలు గీసి మరీ రాసుకుంది. నీళ్లు వచ్చాక ఆ ఊళ్లలో కొన్నింటి వాడల వివరం ఇంత వరుసగా మాకు తెలిసి ఆ నోటుపుస్తకాలలో తప్ప మరెక్కడా లేదు.

ఇప్పుడు మేము ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పవలసింది ఆ పుస్తకాలను కాపాడినవారికి. అమ్మ వేగంగా రాసే చేతిరాత మాకే సరిగా అర్థం కాదు. ఆమె మంచం మీద ఉండగానే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ప్రతి పేజీనీ ఫొటో తీయించారు. డిగ్రీ విద్యార్థులు సెలవుల్లో కూర్చొని టైపు చేశారు. తెలియని మాట వచ్చినప్పుడల్లా పునరావాస కాలనీలకు వెళ్లి ఆ ఊరి పెద్దవాళ్లకు చదివి వినిపించి సరిచేశారు. కన్నడ పంక్తుల విషయంలో బెంగళూరు నుంచి ఒక అధ్యాపకురాలు ఫోనులోనే గంటల తరబడి సందేహాలు తీర్చారు. టైపు చేసిన మొదటి కట్టను అమ్మ స్వయంగా దిద్దింది. ఒక వాడ పటంలో ఇళ్ల వరుస తారుమారైందని పెన్సిలుతో గుర్తు పెట్టింది. ఆమె కళ్లముందే ఆ పని మొదలుకావడం మా కుటుంబానికి మీరు ఇచ్చిన అన్నిటికన్నా గొప్ప సాయం. డబ్బు సాయం చేసినవారు మమ్మల్ని మన్నించాలి, వారికి కూడా మేము ఇదే చెప్పాం.

వైద్య ఖర్చులు పోగా మిగిలిన విరాళాలను మేము వాడుకోవడం లేదు. దాతలను అడిగి, వారి అనుమతితోనే ఆ సొమ్మును నోటుపుస్తకాల అచ్చుకు పక్కన పెట్టాం. మూల ప్రతులు బాపు దగ్గరే ఉంటాయి. అచ్చు ప్రతులను ఊరి బడికీ, కరీంనగర్ గ్రంథాలయానికీ, ముంపు గ్రామాల కాలనీలకూ ఉచితంగా ఇస్తాం. పాత పెళ్లి ఫొటోలలో వెనక కనిపించే గోడలు, గుళ్లు, చెట్లు కూడా మాకు పనికివస్తాయి కాబట్టి, మీ ఇళ్లలో అలాంటివి ఉంటే పంపించమని వేడుకుంటున్నాం. ఫొటో వెనక ఊరి పేరు, వాడ పేరు, అందులో ఉన్న ఆడవాళ్ల పూర్తి పేర్లు రాసి పంపండి. బాపు ఇప్పుడు రోజూ ఉదయం వాటిని పుస్తకాలలోని పటాలతో సరిచూస్తున్నారు. ఆయనకు తోడుగా కూర్చుంటున్న పక్కింటి పెద్దమ్మకు, ఆమె మనవరాలికి ఈ కృతజ్ఞతలలో పెద్ద వాటా చెందుతుంది.