ఎర్రగా కాల్చిన అయస్కాంతం

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నవ్వి ఊరుకున్నాను గానీ, జవాబు తెలియకే నవ్వాన్రా. "అయస్కాంతాన్ని ఎర్రగా కాలిస్తే దాని శక్తి పోతుంది కదా, మరి అంత వేడి సూర్యుడిలో అయస్కాంతం ఏంటి?" అన్నావు. కొడైకెనాల్లో, బోటింగ్ అని గోల చేస్తున్న పిల్లల్ని మీ చెల్లెమ్మకి అప్పగించి అబ్జర్వేటరీకి వెళ్ళొచ్చాక అది బుర్రకెక్కింది.

అక్కడ 11 మీటర్ల గోపురం మీది అద్దాలు ఎండని పట్టి 60 మీటర్ల సొరంగంలోకి పంపుతాయి. లోపల పడే సూర్యబింబం సుమారు 34 సెంటీమీటర్లు, అన్నం తినే పెద్ద కంచమంత! మనల్ని అక్కడికి పోనివ్వరులే, మ్యూజియంలోనే బింబం చూశాను. దోసె మీద మాడిన చుక్కల్లా రెండు మచ్చలున్నాయి.

పక్కనే ఎండని రంగులుగా విడదీసి పెట్టారు, మధ్యమధ్య సన్నటి నల్లగీతలు. కిటుకంతా వాటిలోనే ఉంది. అయస్కాంత క్షేత్రంలో అలాంటి గీతలు చీలతాయని జీమన్ అనే డచ్ శాస్త్రవేత్త 1896లో కనిపెట్టాడు. 1908లో హేల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ నుంచి సూర్యుడి మచ్చల్లో ఆ చీలికే పట్టుకున్నాడు. చీలిక ఎంత ఎక్కువుంటే క్షేత్రం అంత బలంగా ఉన్నట్టు. ఆ బలాన్ని గాస్‌లలో కొలుస్తారు, భూమిది అర గాస్ అటూ ఇటూ, మచ్చల్లో 3,000 దాకా! అక్కడ ఉన్నది ఇనపముద్ద కాదు కదా, కరెంటు పారే వాయువు మరుగుతూ సుడులు తిరుగుతూ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రమే కింది వేడిని పైకి రానివ్వదు, అందుకే మచ్చ నల్లగా కనిపిస్తుంది.

అయితే ఒక్కో గీత ఒక్కో ఎత్తు సంగతే చెబుతుంది. సూర్యుడిలోని ఇనుము ఆవిరి వల్ల పడే గీత ఉపరితలం గురించి, హైడ్రోజన్, కాల్షియం గీతలు ఆ పైపొర గురించి. మంటలు ఎగిసేది పైన, క్షేత్రం మెలిపడి తెగి మళ్ళీ అతుక్కునే చోట. కింద వాటా చూసి మూడో అంతస్తులో గొడవ ఏంటో చెప్పలేం కదా, అందుకే ఆ సొరంగం టెలిస్కోపుతో రెండు మూడు గీతలు కలిపి చూస్తున్నారు.

అన్నట్టు, 2023 సెప్టెంబర్ 2న సూళ్ళూరుపేటలో మీ మేడ మీంచి చూశామే, సూర్యుణ్ణి పరిశీలించడానికి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1! దాని మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం, సూర్యుడి మచ్చల్ని కొలుస్తుందని నేనే అందరికీ గొప్పగా చెప్పాను, తప్పు. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తనున్న చోటి క్షేత్రాన్నే కొలుస్తుంది. ఈ మాట మీ నాన్నగారికి కూడా చెప్పెయ్, ఆయన ముందు ఎక్కువ కోశాను.

నేను చూసిన మచ్చలు ఈపాటికి అవతలి వైపు తిరిగిపోయుంటాయి. చెదరకుండా ఉంటే రెండు వారాల్లో మళ్ళీ ఇటొస్తాయి, బాగా పెద్దవైతే టెలిస్కోపు లేకపోయినా ఆనతాయట. గ్రహణానికి కొన్న ఆ ఫిల్టర్ కళ్ళద్దాలు గీతలు పడకుండా ఉంటే కొరియర్ చెయ్యరా.

నీ
ప్రసాదు